ఏడు పలకల చట్రం: కోణం లెక్క సరిగ్గానే వచ్చింది, ఆఖరి బద్ద ఎందుకు పట్టలేదు?

రంపపుపొట్టు:

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒకే అతుకు దగ్గర ఆగిపోయాను, కాస్త సాయం చేయండి.

మా అమ్మకి మేం ఏడుగురు పిల్లలం. అమ్మ కోసం ఒక అద్దానికి ఏడు పలకల చెక్క చట్రం చేస్తున్నాను, ఒక్కో బద్ద మీద ఒక్కొక్కరి పేరు. అద్దం గుండ్రంది, 36 సెంటీమీటర్లు, చట్రానికి వెనక నుంచి అతికిస్తాను. బద్ద వెడల్పు 5 సెంటీమీటర్లు, మందం 2. బయటి అంచు ఒక్కోటి సరిగ్గా 20 సెంటీమీటర్లు. బద్దలు విడిగా ఉన్నప్పుడే చెక్కడం తేలిక కదా అని పేర్లు ముందే చెక్కేశాను. దానికే ఇరవై రోజులు పట్టింది. అందుకే ఇప్పుడు వాటిని పారేసి కొత్తవి కోసుకోమంటే మనసు ఒప్పడం లేదు.

బడిలో చెప్పిన సూత్రం గుర్తుంది. భుజాల సంఖ్యలోంచి 2 తీసేసి, 180తో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ భుజాల సంఖ్యతో భాగించాలి. ఏడు భుజాలకి 5 × 180 = 900, దాన్ని 7తో భాగిస్తే 128.57 డిగ్రీలు. ఒక మూలలో రెండు బద్దలు కలుస్తాయి కాబట్టి ఒక్కోదానికి అందులో సగం, 64.29. తీరా చూస్తే నా రంపం స్కేలు మీద 64 అన్న అంకే లేదు! 0 నుంచి 45 వరకే ఉంది. 90లోంచి తీసేయాలేమో అనుకుని తీస్తే 25.71 వచ్చింది. స్కేలు మీద డిగ్రీ గీతలే తప్ప మధ్యలో ఏమీ లేవు. పావు డిగ్రీ తేడా ఏం చేస్తుందిలే అని 26 దగ్గర బిగించి పద్నాలుగు కోతలూ కోసేశాను.

నేల మీద పరిచి ఒక్కొక్కటీ జతచేస్తుంటే ఆరు అతుకులు వెంట్రుక దూరకుండా కూర్చున్నాయి. చాలా సంతోషమేసింది. ఏడో మూలకి వచ్చేసరికి ఆఖరి బద్ద కొస మొదటి బద్ద మీదికి ఎక్కి కూర్చుంది. రెండు బయటి మూలల మధ్య ఎంతుందో కొలిచాను, 16 మిల్లీమీటర్లు. నమ్మలేక నాలుగుసార్లు కొలిచాను.

పావు డిగ్రీ తేడాకి 16 మిల్లీమీటర్లా? లేక నా సూత్రమే తప్పా? అసలు ఆ సూత్రంలో 2 ఎందుకు తీసేస్తామో నాకు ఏనాడూ తెలియలేదు, పరీక్షకి బట్టీ పట్టానంతే. ఇంతకుముందు ఆరు పలకల పీట చేసినప్పుడు ఎవరో చెప్పారని 30 పెట్టి కోస్తే అతుకులన్నీ చక్కగా కలిశాయి. అదెలా కుదిరింది? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ బద్దల్ని దక్కించుకునే దారి ఏమైనా ఉందా?


పదోతరగతి:

అక్కా, బయటి కోణం వాడాలేమో. 360 − 128.57 = 231.43 వస్తుంది. దాన్ని సగం చేసి చూడండి.


పాతలెక్కలటీచర్:

బాబూ, ఆ పొరపాటు నా క్లాసులో ఏటా ఒకరిద్దరు చేసేవారు, ముందు దాన్ని సరిచేద్దాం. మూల చుట్టూ లోపలి కోణం పోగా మిగిలింది 231.43. బాహ్యకోణం అంటే అది కాదు. ఒక భుజాన్ని మూల దాటి తిన్నగా పొడిగించు. ఆ పొడిగించిన గీతకీ, పక్క భుజానికీ మధ్య ఉన్నదే బాహ్యకోణం. లోపలి కోణం, బాహ్యకోణం కలిసి సరళకోణం, అంటే 180. కాబట్టి 180 − 128.57 = 51.43.

చట్రం సంగతి రాత్రికి వివరంగా రాస్తానమ్మా. నీ సూత్రం తప్పు కాదు, నీ కొలత కూడా తప్పు కాదు.


మూలమట్టం:

అక్కా, నేను ఫర్నిచర్ పని చేస్తాను. ముందు రంపం స్కేలు సంగతి చెప్తాను.

రంపం 0 మీద ఉందంటే బద్దని తిన్నగా, అడ్డంగా కోస్తుందని అర్థం. అంటే అంచుకీ కోతకీ మధ్య అప్పటికే 90 డిగ్రీలు ఉంది. మీరు 26 అని తిప్పితే ఆ 90లోంచి 26 పోయి కొస దగ్గర 64 మిగులుతుంది. స్కేలు చూపించేది ఎంత కోణం మిగిలిందన్నది కాదు, తిన్నని కోత నుంచి ఎంత పక్కకి తిరిగామన్నది. ఆరు పలకలకి లోపలి కోణం 120, సగం 60, స్కేలు మీద 30. మీ పీట అందుకే కుదిరింది. కాబట్టి మీరు 90లోంచి తీసేయడం కరెక్టే.

మా పనిలో లోపలి కోణం ఎవరూ లెక్కపెట్టరు. మా మేస్త్రి నేర్పింది ఒక్కటే, స్కేలు మీది అంకెని మొత్తం కోతలతో గుణిస్తే 360 రావాలి. ఆరు పలకలంటే పన్నెండు కోతలు, 12 × 30 = 360. ఎనిమిది పలకలంటే పదహారు కోతలు, 16 × 22.5 = 360. మీది పద్నాలుగు కోతలు, 14 × 26 = 364. అక్కడే నాలుగు డిగ్రీలు ఎక్కువయ్యాయి. 25 పెట్టినా కలవదు, 350 దగ్గరే ఆగి పది డిగ్రీల సందు మిగిలేది. అది ఇంకా ఘోరం.

ఆరు, ఎనిమిది పలకలైతే మాకో దారి ఉంది. చట్రాన్ని రెండు సగాలుగా అతికించి, ఆ సగాల కొసలు తిన్నగా వచ్చేలా చిత్రిక పట్టి, అప్పుడు రెండూ కలుపుతాం. చిన్నచిన్న తేడాలన్నీ అక్కడ పోతాయి. ఏడుకి అది కుదరదు. ఏడు పలకల్లో ఒక మూలకి ఎదురుగా ఉండేది ఇంకో మూల కాదు, భుజం మధ్య భాగం. రెండు సమాన సగాలు చేయలేం. అందుకే ఏడు అనగానే మేం కాస్త వెనకాడతాం.


పాతలెక్కలటీచర్:

మేస్త్రిగారు చెప్పిన 360 ఎక్కడిదో ముందు చూద్దాం. ఆరు అతుకులతో నీ చట్రం నేల మీదే ఉంది కదమ్మా. ఒక పెన్సిల్ తీసుకుని మొదటి బద్ద మీద, దాని పొడవునా పెట్టు. మొన ఎటుందో గుర్తుపెట్టుకో. అలాగే జరుపుకుంటూ వెళ్లి, మూల దగ్గర పెన్సిల్‌ని రెండో బద్ద వైపు తిప్పు. అలా ప్రతి మూలలోనూ తిప్పుతూ మొదటి బద్ద దగ్గరికి తిరిగొచ్చేసరికి మొన మళ్లీ మొదట చూసిన వైపే చూడాలి. అంటే పెన్సిల్ సరిగ్గా ఒక చుట్టు తిరిగింది, 360. ఆకారం ఎన్ని పలకలదైనా ఆ చుట్టు మారదు. ఏడు మూలల్లో సమానంగా పంచితే ఒక్కో మూలకి 51.43. అదే బాహ్యకోణం. ఒక మూలలో రెండు కోతలు కలుస్తాయి కాబట్టి కోతకి 25.71. నీ రంపం అడుగుతున్నది ఆ అంకెనే.

ఇప్పుడు 16 మిల్లీమీటర్ల సంగతి. క్రమ బహుభుజి మూలలన్నీ ఒకే వృత్తం మీద ఉంటాయి. 26 పెట్టి కోసిన బద్దలు ఒక్కో మూలలో 52 డిగ్రీలు తిరుగుతాయి, కాబట్టి ఒక్కో బద్ద ఆ వృత్తం మీద 52 డిగ్రీల చాపాన్ని ఆక్రమిస్తుంది. ఏడు బద్దలకి 364. చుట్టు 360 దగ్గరే పూర్తయింది, మీ చట్రం ఇంకో 4 డిగ్రీలు ముందుకెళ్లింది. 20 సెంటీమీటర్ల బద్దలకి ఆ వృత్తం వ్యాసార్ధం దాదాపు 22.8 సెంటీమీటర్లు. అంత వృత్తం మీద ఒక డిగ్రీ అంటే సుమారు 4 మిల్లీమీటర్లు. నాలుగు డిగ్రీలకి 16. నువ్వు నాలుగుసార్లు కొలిచినా అదే వచ్చిందంటే మిగతా పని ఎంత శ్రద్ధగా చేశావో తెలుస్తోంది. బద్దల పొడవుల్లో తేడా ఉండి ఉంటే లెక్కకి ఇంత దగ్గరగా వచ్చేది కాదు.

ఇక సూత్రంలో ఆ 2. పుస్తకాల్లో బహుభుజిని త్రిభుజాలుగా విడగొట్టి చూపిస్తారు, ఏడు భుజాలకి అయిదు త్రిభుజాలు అని. అది నిజమే. ఏ బహుభుజికైనా పనికొస్తుంది. క్రమ బహుభుజికి మాత్రం నాకు ఇంకా ఇష్టమైన దారి ఒకటుంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, పిల్లల ముఖాలు ఈ బొమ్మ దగ్గరే వెలిగేవి.

కాగితం మీద ఒక సప్తభుజి గీసి, ఒక్క మూల నుంచి కర్ణాలన్నీ గీయి. నాలుగు వస్తాయి. అవి ఆ మూలలోని కోణాన్ని అయిదు ముక్కలు చేస్తాయి. ఆ అయిదూ సమానం! మూలలన్నీ వృత్తం మీదున్నాయి, భుజాలన్నీ సమానమైన జ్యాలు, అంటే వృత్తం మీది రెండేసి బిందువుల్ని కలిపే గీతలు. సమాన జ్యాలు వృత్తం మీది బిందువు దగ్గర ఏర్పరిచే కోణాలు కూడా సమానం. అది కేంద్రం దగ్గరి కోణంలో సగం, అంటే 51.43లో సగం, 25.71. చూశావా, రంపం మీది అంకే!

ఇప్పుడు ఆ మూలలో నువ్వే నిలబడ్డావనుకో. ఏడు భుజాల్లో రెండు నీ కాళ్ల దగ్గరే మొదలవుతున్నాయి, వాటి వెంటే నీ చూపు పోతుంది కాబట్టి వాటికి వెడల్పు లేదు. ఎదురుగా పరుచుకుని కనిపించేవి మిగతా అయిదే. ఒక్కోటి 25.71 డిగ్రీల మేర కనిపిస్తుంది. 5 × 25.71 అంటే నీ 128.57 (దశాంశాలన్నీ ఉంచితే సరిగ్గా వస్తుంది). సూత్రంలో తీసేసిన ఆ రెండూ నీ కాళ్ల దగ్గరి రెండు భుజాలే. పంచభుజిలో మూడు 36లు, 108. షడ్భుజిలో నాలుగు 30లు, 120. అష్టభుజిలో ఆరు 22.5లు, 135. 180ని భుజాల సంఖ్యతో భాగిస్తే వచ్చే ముక్క ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావన్నీ దాంతోనే కట్టుకోవచ్చు.

ఇంకో మాట. 1 నుంచి 10 వరకు 360ని శేషం లేకుండా భాగించనిది 7 ఒక్కటే. మీరంతా ఏడుగురు కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది.


తాబేలుగీత:

టీచర్ గారి పెన్సిల్ లాంటిదే, కంప్యూటర్లో చూడాలంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో టర్టిల్ ఉంది. తాబేలు కొంచెం ముందుకెళ్తుంది, తిరుగుతుంది, గీత గీస్తుంది. నేను పిల్లలకి నేర్పిస్తుంటాను. షడ్భుజి గీయమంటే చాలామంది 120 తిరగమని రాస్తారు, త్రిభుజం వచ్చి పడుతుంది. తాబేలు తిరగాల్సింది 60. ఏడుకి 128.57 తిప్పితే పద్నాలుగు మొనల నక్షత్రం వస్తుంది, ఎందుకంటే ఆ కోణం పద్నాలుగుసార్లు తిరిగితే సరిగ్గా అయిదు చుట్లు. తప్పే అయినా అందమైన బొమ్మ, ఒకసారి గీసి చూడండి.


రంపపుపొట్టు:

టీచర్ గారూ, మీరు చెప్పిన బొమ్మ గీసి, కోణమానినితో అయిదు ముక్కలూ కొలిచాను. అయిదూ 25కీ 26కీ మధ్యే ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఎవరైనా ఇలా చెప్పి ఉంటే బాగుండేది. మీ పోస్టు మా అన్నయ్యకి కూడా చదివి వినిపించాను.

సరే, 25.71 కావాలని అర్థమైంది. గీతలే లేని స్కేలు మీద దాన్ని ఎలా పట్టుకోవాలి? వృత్తలేఖినితో వృత్తాన్ని ఏడు సమాన భాగాలు చేసి ఆ గీత మీద కోయవచ్చా?


పాతలెక్కలటీచర్:

స్కేలు గుర్తులు లేకుండా, వృత్తలేఖిని, రూళ్లబద్దతో మాత్రమే ఖచ్చితమైన సప్తభుజి గీయడం ఎవరి వల్లా కాదమ్మా, అది రుజువైన విషయం. 1796లో గౌస్ అనే గణితవేత్తకి ఇంకా 18 ఏళ్లే, 17 భుజాలది గీయవచ్చని కనిపెట్టాడు. ఏవి గీయలేమో 1837లో వాంట్జెల్ అనే ఇంకో గణితవేత్త రుజువు చేశాడు. గీయలేని వాటిలో అన్నిటికంటే చిన్నది నీ ఏడే.

పని జరుపుకునే పాత పద్ధతి ఒకటుంది. వృత్తంలో సమబాహు త్రిభుజం గీసి, దాని భుజంలో సగాన్ని వృత్తలేఖినితో పట్టుకుని చుట్టూ ఏడుసార్లు గుర్తు పెట్టడం. ఒక్కో అడుగు 51.32 డిగ్రీలు పడుతుంది, ఏడు అడుగులకి ముప్పావు డిగ్రీ మిగిలిపోతుంది. నీ చట్రం మీద అది 3 మిల్లీమీటర్లు. బొమ్మకి చాలు, అతుకుకి చాలదు.


మూలమట్టం:

డిగ్రీలు వదిలేయండి అక్కా, పొడవులు పట్టుకోండి. డిగ్రీలో పావు వంతు కంటికి ఆనదు, మిల్లీమీటరు ఆనుతుంది.

ఒక ప్లైవుడ్ ముక్క మీద మూలమట్టం పెట్టి లంబకోణం గీయండి. ఒక వైపు 54 సెంటీమీటర్లు, రెండో వైపు 26 సెంటీమీటర్లు కొలిచి రెండు కొసలూ కలపండి. ఆ త్రిభుజంలో సన్నటి కోణం 25.71. మీకు కావాల్సిందానికీ దీనికీ తేడా డిగ్రీలో వందో వంతు కూడా ఉండదు. ఇంకో కోణం చూడండి, 26 వైపు కొస దగ్గరిది, అది 64.29. మీరు మొట్టమొదట లెక్క వేసిన అంకె. రెండూ ఒకే త్రిభుజంలో ఉన్నాయి.

బద్దలు పారేయాల్సిన పని లేదు. మీరు కోసింది అవసరమైన దానికంటే సన్నటి కొస, 64. అది 64.29 కావాలి. అంటే బయటి మూల దగ్గర పావు మిల్లీమీటరుకి కొంచెం పైన అరగాలి, లోపలి అంచు దగ్గర ఏమీ అరగకూడదు. రంపంతో అంత సన్నగా తీయలేరు, ఉప్పు కాగితం చాలు.

ఆ ప్లైవుడ్ మీద, ఏటవాలు గీత వెంట త్రిభుజానికి బయటి పక్క ఒక తిన్నటి బద్ద బిగించండి. మీ చట్రం బద్దని త్రిభుజం మీద పెట్టి, బయటి అంచుని దానికి ఆనించి, కొస 26 గీత దాకా వచ్చేలా జరపండి. ఉప్పు కాగితం అంటించిన చెక్కముక్కని ఆ గీత వెంటే ముందుకీ వెనక్కీ నడపండి. రెండో కొసకి బద్దని బోర్లించాలి, చెక్కిన పేరు కింద గుడ్డ వేసుకోండి. మొదలుపెట్టే ముందు ప్రతి కొస మీదా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసుకోండి. బయటి వైపు నుంచి గీతలు చెరుగుతూ వస్తాయి, లోపలి అంచు దగ్గరి ఆఖరి గీత చెరిగిన క్షణం ఆపేయండి. అంతకు మించి ఒక్క రుద్దు కూడా వద్దు, పొడవులు తేడా వచ్చేస్తాయి.

జిగురు ఆరు అతుకులకి ముందు పెట్టేసి ఏడోది తర్వాత చూద్దాం అనుకోకండి. ఏడు బద్దలూ బయటి అంచులు పైకి వచ్చేలా వరసగా, కొసలు తాకేలా పేర్చి, ఆ కీళ్ల మీద టేపు అంటించి, మొత్తం తిరగేసి, సందుల్లో జిగురు పూసి ఒక్కసారే చుట్టేయండి. ఏమైనా కాస్త తేడా మిగిలితే ఏడు చోట్లా పంచుకుంటుంది.


రంపపుపొట్టు:

పూర్తయింది! రెండు సాయంత్రాలు పట్టింది.

త్రిభుజం గీయడానికే గంట తీసుకున్నాను. 54, 26 కొలిచాక ఏటవాలు గీత పొడవు కూడా చూసుకున్నాను, సరిగ్గా ఉంటే 59.9 రావాలి, వచ్చింది. పద్నాలుగు కొసల మీదా పెన్సిల్ గీతలు గీసి మొదలుపెట్టాను. మీరు చెప్పినట్టే బయటి వైపు గీతలు ముందు పోయాయి. మా తమ్ముడి పేరున్న బద్దకి మాత్రం రెండు అంచుల దగ్గరా ఒకేసారి చెరిగాయి. ఆనించడంలో చెక్కపొట్టు అడ్డుపడిందని తర్వాత తెలిసింది. తుడిచి మళ్లీ పెట్టేసరికి ఆ బద్ద మిగతావాటికంటే అర మిల్లీమీటరు పొట్టిదైంది. మిగతా ఆరూ 199.4 దగ్గర ఉన్నాయి, ఇదొక్కటి 198.9. వాటినీ అంతకు తెచ్చేశాను. ఒక్కో కొసకి ఇంకో పది రుద్దులు.

జిగురు లేకుండా నేల మీద పరిచాను. ఏడో మూల దగ్గర ఊపిరి బిగబట్టి చూశాను. బయటి మూలలు కలిశాయి. లోపలి వైపు సందులో పలచటి కాగితం దూరింది, మడత పెట్టిన కాగితం దూరలేదు. టేపు వేసి చుట్టాక ఆ సందు ఎక్కడుందో నాకే కనిపించలేదు.

టీచర్ గారూ, జిగురు ఆరేలోపు పెన్సిల్ పెట్టి చుట్టూ తిప్పాను. మొన బయల్దేరిన వైపే వచ్చి ఆగింది. చట్రం వెనక, అద్దం కప్పేసే చోట, చిన్న అక్షరాలతో 54, 26 అని రాసి పెట్టాను.


మూలమట్టం:

జిగురు ఒక రోజంతా ఆరనివ్వండి అక్కా. అద్దం ఆ తర్వాతే.